పురపాలక సంఘములు: ఉద్యానములు, వినోద వ్యవస్థ (తెనాలి, బాపట్ల, రేపల్లె)

పట్టణవాసులు సాయంకాలము చల్లగాలికి కూర్చుండుటకును, పిల్లలు ఆడుకొనుటకును, నాటకములు, సభలు, జాతరలు జరుపుకొనుటకును తగిన బహిరంగ స్థలములను సమకూర్చుట, సమకూర్చిన వానిని అన్యాక్రాంతము కాకుండ కాచుట, అచట జరుగు కార్యక్రమముల మంచిచెడ్డలు చూచుట అను మూడు పనులును ఆంధ్రదేశమున పురపాలక సంఘముల విధులలో చేరియున్నవి. మొదటి పనికి ఉత్సాహము చాలును. మూడవదానికి ఉద్యోగులు కావలయును. నడుమనున్న రెండవ పనికి మాత్రము పటము, పత్రము, ఏటేట కొంత సొమ్ము, వీనితోబాటు మొగమాటము లేని మనస్సు కావలసియుండును. ఈ రెండవదే అన్నిటికంటె కష్టసాధ్యమని కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములను ఒకచో చేర్చి పరిశీలించినవారికి బోధపడగలదు.

ఈ మూడింటిలో తెనాలి పెద్దది. 1909లో పురపాలక సంఘముగా ఏర్పడినది. 2011 జనాభా లెక్కలనాటికి అచటి జనసంఖ్య 1,60,000కు పైబడినది. అదే లెక్కలో బాపట్ల జనము సుమారు 70,000, రేపల్లె జనము సుమారు 50,000. మూడును చిరకాలము గుంటూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల కేంద్రముగా కొత్తజిల్లా ఏర్పడగా రేపల్లె అందులో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఇరుగుపొరుగు ఊళ్లే యైనను వీని స్వభావములు వేఱు. తెనాలి నాటకముల ఊరు. బాపట్ల సముద్రము చెంతనున్న ఊరు. రేపల్లె రైలుమార్గము ముగియు ఊరు. కావున వినోదమనగా మూడుచోట్లను ఒకే వస్తువు కాదు. చట్టమొక్కటే వానికి సమానము.

పూర్వచరిత్ర

పురపాలక సంఘములు పుట్టకమునుపు మన ఊళ్లలో తోటలు లేకపోలేదు. దేవాలయముల పూలతోటలు, జమీందారుల విహారవనములు, చెరువుగట్టున రావిచెట్ల క్రింది రచ్చబండలు ఉండెడివి. మొదటి రెండింటికి యజమానులు కలరు. మూడవదానికి యజమాని లేడు, ఖర్చును లేదు. ప్రజలే యజమానులై, పోషణభారమును పన్నులే మోయు తోట యను భావము పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లదేశమునుండి వచ్చినది. లివర్‌పూలు నగరమునకు ఎదుటి ఒడ్డునగల బర్కెన్‌హెడ్‌లో ప్రజాధనముతో నిర్మింపబడిన ఉద్యానము 1847లో తెరువబడినది. 1875 నాటి ప్రజారోగ్య చట్టము, జనుల విహారమునకై భూములు కొనుటకును వానిని పోషించుటకును అచటి స్థానిక సంస్థలకు అధికారమొసగినది. చట్టము పేరులోనే దాని ఉద్దేశము తెలియుచున్నది: సౌందర్యముకంటె ఆరోగ్యమే నాటివారి ప్రధాన హేతువు.

చెన్నపట్టణమున గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ 1859లో సుమారు 116 ఎకరములలో పీపుల్స్ పార్కును నెలకొల్పెను. రాజధానిలోని యీ తోట తెలుగు జిల్లాల పట్టణములకును ఆదర్శము కావలసినది. కాని దాని తరువాతి కథ వినదగినది. ఆ నేలలోనే విక్టోరియా పబ్లిక్ హాలు లేచినది. 1900లో మూర్ మార్కెట్టు వెలసినది. 1913 నాటికి నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయమైన రిపన్ భవనమును ఆ ఆవరణలోనే తలయెత్తినది. పిదప క్రీడామైదానము వచ్చినది. ఒక్కొక్క కట్టడమును విడిగా చూచినచో ప్రజోపయోగకరము కానిదేదియు లేదు. అన్నియు కలిసి పార్కును మ్రింగినవి. తోటను కాపాడవలసిన సంస్థయే తన ఇంటిని ఆ తోటలో కట్టుకొనుట దక్షిణదేశపు ఉద్యాన చరిత్రలో తొలి పాఠము. దానిని మన పట్టణములు నేటికిని పూర్తిగా నేర్వలేదు.

తెలుగు జిల్లాలలో 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టము క్రింద పురపాలక సంఘములు ఏర్పడినవి; గుంటూరు 1866లో ఆ హోదాను పొందినది. 1871, 1884 సంవత్సరములలో చట్టములు మారినవి. 1920లో మద్రాసు జిల్లా పురపాలక సంఘముల చట్టమును, మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టమును ఒకే యేడు వచ్చినవి. ఆ తొలినాళ్లలో పురపాలకుల దృష్టియంతయు మురుగుకాలువలు, మంచినీరు, మశూచి టీకాలు, వీథిదీపములమీదనే యుండెను. తోట మిగులు సొమ్ముతో చేయు విలాసము, మిగులు అరుదు.

అయినను ఇరువదవ శతాబ్ది నడిమి దశకములలో పురపాలక ఉద్యానమునకు ఒక వైభవకాలము కలిగినది. దానికి కారణము పూలు కావు, రేడియో. చెన్నపురి నగరపాలక సంస్థ 1930 ఏప్రిల్ 1వ తేదీన సొంత రేడియో ప్రసారములు ఆరంభించి, పార్కులలోను సముద్రతీరమునను లౌడుస్పీకర్లు పెట్టి జనులకు వినిపించెను. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన పిదప ఆంధ్ర పట్టణముల పార్కులలోను ఈ పద్ధతి వ్యాపించినది. ఇంటింట రేడియో లేని కాలమది. పార్కు నడుమ చిన్నగది, గదిపై గొట్టము, దానిచుట్టు పచ్చికమీదను సిమెంటు బల్లలమీదను రిక్షా తొక్కువారు, ప్లీడరు గుమాస్తాలు, పింఛను పుచ్చుకొనువారు కలిసి కూర్చుండి సాయంకాలపు వార్తలు వినుట, వార్తలు ముగియగానే వాదములకు దిగుట ఆ తరమువారికి నిత్యకృత్యము. వేళకు మీట నొక్కి, వేళకు కట్టుటకు ఒక పురపాలకోద్యోగి యుండెడివాడు. ట్రాన్సిస్టరు వచ్చినతోడనే ఆ గుంపు చెదరినది. గదులు మాత్రము కొన్నిచోట్ల సామానుకొట్లుగా మిగిలినవి.

రంగస్థలము, టౌను హాలు, జాతర

తెనాలిలో వినోద వ్యవస్థను గూర్చి వ్రాయునపుడు పార్కుకంటె ముందు రంగస్థలమును చెప్పుట న్యాయము. ఆంధ్రా ప్యారిస్ అను ముద్దుపేరు ఆ ఊరికి వచ్చుటకు నాటకము, సాహిత్యము, శిల్పము మూడును కారణములు, నాటకమునకు పెద్దపీట. శ్రీ రామవిలాస సభ అను నాటక సమాజము అచట వర్ధిల్లినది. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు ఆ సమాజపు వేదికపై స్త్రీ పాత్రలు ధరించి దేశవిఖ్యాతుడై, 1956లో పద్మశ్రీ బిరుదు నందెను. మాధవపెద్ది వెంకటరామయ్య, గోవిందరాజుల సుబ్బారావు మున్నగు నటశ్రేష్ఠులును ఆ ఊరి రంగస్థలమున పేరొందినవారే. ఇదంతయు ప్రజలు స్వయముగా కల్పించుకొన్న వినోదము. ప్రభుత్వమునకు దానితో నాడు గల సంబంధము మూడు విధములు: నాటకమున రాజద్రోహము, అశ్లీలము ఉన్నవేమో చూచుటకు 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టము, హాలు కూలునో, కాలునో చూచుటకు 1888 నాటి మద్రాసు ప్రజావిహార స్థలముల చట్టము, టిక్కెట్టుపై పన్ను పుచ్చుకొనుటకు 1939 నాటి వినోదపు పన్ను చట్టము. మొదటిది నిషేధించుటకు, రెండవది పరీక్షించుటకు, మూడవది వసూలు చేయుటకు. పోషించుటకు మాత్రము ఏ చట్టమును లేకుండెను. వినోదపు పన్నులో అధికభాగము స్థానిక సంస్థలకే చేరుచుండినది గాని, ఆ సొమ్మును వినోదమునకే వెచ్చింపవలెనను నియమము లేకపోయినది. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను అమలు కాగా ఈ పన్ను అందులో కలిసిపోయినది. పురపాలక సంఘములు తామే వినోదపు పన్నును విధించి వసూలు చేసుకొనుటకు రాజ్యాంగమున అవకాశము మిగిలియున్నను, పాత రాబడివంటిది కాదది.

పురపాలక సంఘము వినోద, ఉత్సవములపై అధికారము చెలాయించిన ఘట్టమొకటి తెనాలి చరిత్రలో ప్రసిద్ధము. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి 1920ల దశకమున తెనాలి పురపాలక సంఘాధ్యక్షుడుగా నుండి, గంగానమ్మ కొలువులలో జరుగు జంతుబలిని మాన్పించెను. హేతువాది యైన ఆయనకు అది సిద్ధాంతము. గ్రామదేవతను కొలుచు భక్తులకు ఆచారభంగము. ఎవరి పక్షము వహించినను, ఊరిలో జరుగు బహిరంగ వేడుక ఎట్లు జరుగవలెనో నిర్ణయించు అధికారము పురపాలక సంఘమునకు కలదని ఆ చర్య తేల్చినది. నేటి వినాయక మండపములకు, రికార్డు డాన్సులకు, ఎగ్జిబిషను మైదానములకు, జెయింటు వీలుకు అనుమతులిచ్చుటలో పోలీసులతోబాటు పురపాలక సంఘమునకు గల పాత్ర ఆ అధికారమునకు వారసత్వమే.

బాపట్ల విషయమున టౌను హాలు ముఖ్యము. ప్రథమాంధ్ర మహాసభ 1913 మే 26న బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన ఆ పట్టణపు టౌను హాలులో జరిగినది. ప్రత్యేకాంధ్ర రాష్ట్ర భావమునకు అది ఆరంభము. చీట్లపేకకును, పత్రికాపఠనమునకును, నాటకములకును కట్టుకొన్న హాళ్లు రాజకీయ వేదికలగుట ఆనాటి రివాజు. తెనాలి నడిబొడ్డునగల రణరంగ చౌకునకు మఱొక విధమైన గౌరవము కలదు. క్విట్ ఇండియా ఉద్యమమున 1942 ఆగస్టు 12వ తేదీన పోలీసు కాల్పులలో ఏడుగురు అసువులు బాసిన స్థలమది. అచటి స్మారకమువద్ద ఏటేట ఆ దినమున నివాళులర్పింతురు. చారిత్రక స్థలమును శుభ్రముగా నుంచుట, దానిచుట్టు తోపుడుబండ్లను ఒక హద్దులో నిలుపుట చిన్నపనులుగా తోచును. ఆ చిన్నపనులు ఆగిననాడే స్మారకము ట్రాఫిక్ దీవి యగును.

చట్టము, యంత్రాంగము

నేడు ఈ పట్టణములకు మూలాధారము ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము, 1965. దానికి పైన 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ కలదు. ఆ సవరణచే చేర్చబడిన పండ్రెండవ షెడ్యూలులో 12వ అంశము పార్కులు, తోటలు, ఆటస్థలములవంటి పట్టణ సదుపాయములు. 13వ అంశము సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయముల పెంపు. షెడ్యూలులో పేర్కొనుట బాధ్యతను అప్పగించుటకు ఆధారమే గాని, చేయకున్న శిక్ష లేదు. ఆ సవరణలోనే వార్డు కమిటీల నియమమున్నది. అది 3 లక్షలు లేక అంతకు మించిన జనసంఖ్యగల పట్టణములకే తప్పనిసరి. మన మూడు పట్టణముల జనమును కూడినను 3 లక్షలు కాదు. అందుచేత వీథి చివరి పార్కును గూర్చి ఆ వీథివారు కూర్చుండి తీర్మానించు రాజ్యాంగబద్ధమైన వేదిక ఈ పట్టణములకు లభింపలేదు. చిన్న ఊరికే అటువంటి వేదిక సులభమనియు, ఫలప్రదమనియు తోచుచుండగా, పెద్ద నగరములకు మాత్రమే దానిని విధించుట విచిత్రము.

పాలనా క్రమము ఇట్లుండును. కౌన్సిలు తీర్మానించును, కమీషనరు అమలుచేయును, ఇంజనీరింగు విభాగము గోడలు, నడకదారులు, దీపములు చూచును, పారిశుధ్య విభాగము ఊడ్పించును, పట్టణ ప్రణాళికా విభాగము హద్దులు చూచును. పైన పురపాలక పరిపాలనా కమీషనరు, పట్టణ, గ్రామ ప్రణాళికా సంచాలకుడు రాష్ట్రస్థాయిని పర్యవేక్షింతురు. లెక్కలను రాష్ట్ర ఆడిటు శాఖ తనిఖీ చేయును. ఎన్నికలు జరుగని కాలమున కౌన్సిలు స్థానమున ప్రత్యేకాధికారి యుండును. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన వార్డు సచివాలయములలో సౌకర్యములకొక కార్యదర్శి, ప్రణాళికకొక కార్యదర్శి, పారిశుధ్య పర్యావరణములకొక కార్యదర్శి నియమింపబడిరి. కాగితముమీద ఒక పార్కుకు ముగ్గురు రక్షకులేర్పడిరన్నమాట. ఆచరణమున ఉయ్యాల గొలుసు తెగినచో సౌకర్యముల వారికి, ఉయ్యాల నేలపై ఎవరో షెడ్డు వేసినచో ప్రణాళిక వారికి, ఆ షెడ్డుముందు చెత్త పోసినచో పారిశుధ్యము వారికి చెప్పవలసియుండును.

పార్కు నేల ఎచటినుండి వచ్చును? పాత పార్కులు పోరంబోకు భూములలోను, దాతలిచ్చిన స్థలములలోను వెలసినవి. ఇటీవలివి ప్రధానముగా లేఅవుటులనుండి వచ్చుచున్నవి. భూమిని ప్లాట్లుగా విభజించు యజమాని కనీసము నూటికి 10 వంతుల స్థలమును బహిరంగ స్థలముగా విడిచి, రిజిస్టరు చేసిన దానపత్రము ద్వారా స్థానిక సంస్థకు ఉచితముగా అప్పగింపవలెను. 5 ఎకరముల లేఅవుటులో అర ఎకరము, అనగా 2,420 చదరపు గజములు పార్కుకు వచ్చును. ప్లాట్లమ్మునాడు రంగురంగుల కరపత్రములో ఆ స్థలము పచ్చగా, నడుమ ఫౌంటెనుతో మెఱయును. ప్లాట్లన్నియు అమ్ముడైన పిదప దానిచుట్టు కంచె యుండదు. పదియేండ్లకు దానిలో మొదట నీళ్లట్యాంకు, తరువాత గుడి, పిమ్మట అంగన్వాడి భవనమో, కమ్యూనిటీ హాలో వెలయును. వీనిలో నొక్కదానినైనను వలదనుటకు ఏ కౌన్సిలరుకును నోరు రాదు. కావుననే ఆక్రమణదారునికంటె సదుద్దేశము పార్కునకు ఎక్కువ హాని చేసినది.

అనుమతిలేని లేఅవుటులలో ఆ 10 వంతులును ఉండవు. అట్టివానిని క్రమబద్ధీకరించు పథకములలో, విడువని బహిరంగ స్థలమునకు బదులుగా ప్లాటు విలువలో నూటికి 14 వంతులు రుసుముగా చెల్లింపజేసిరి. ఖజానాకు సొమ్ము చేరినది. ఆ వీథిలో పిల్లలాడుకొనుటకు చోటు మాత్రము ఎన్నటికిని రాదు. స్థలమునకు బదులు సొమ్ము అను ఈ సూత్రము లెక్కలలో సరిపోవచ్చును, నేలమీద సరిపోదు.

పార్కు నేలను మఱొక పనికి మళ్లించుటను గూర్చి సుప్రీంకోర్టు రెండు తీర్పులలో కఠినముగా నిలిచినది. బెంగుళూరులో పార్కునకు కేటాయించిన స్థలమును ఒక ప్రైవేటు నర్సింగుహోమునకు ఇచ్చుటను ఆ వీథివారు ఎదిరింపగా, 1991లో బెంగుళూరు మెడికల్ ట్రస్టు కేసులో కోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. 1999లో లక్నో నగరపు ఝండేవాలా పార్కు క్రింద అచటి నగరపాలక సంస్థయే ఒక నిర్మాణ సంస్థతో ఒప్పందము చేసికొని కట్టించుచున్న భూగర్భ వాణిజ్య సముదాయమును కూల్చి, పార్కును యథాస్థితికి తేవలెనని ఆజ్ఞాపించినది. రెండవ కేసులో ముద్దాయి స్థానమున నిలిచినది కాపలాదారే. ఆంధ్ర పట్టణములలో ఇట్టి వివాదములు వచ్చినపుడు న్యాయవాదులు తఱచుగా ఈ రెండు తీర్పులను ఉదాహరింతురు.

చోటెంత, ఎచట

కేంద్ర ప్రభుత్వపు పట్టణ ప్రణాళికా మార్గదర్శకములు మనిషి ఒక్కింటికి 10 మొదలు 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలము ఉండవలెనని చెప్పుచున్నవి. తక్కువ లెక్కనే తీసికొన్నను తెనాలికి 160 హెక్టారులు, అనగా సుమారు 395 ఎకరములు కావలయును. బాపట్లకు సుమారు 173 ఎకరములు. రేపల్లెకు 123 ఎకరములు. మాగాణి ఎకరము బంగారముతో సమానమైన డెల్టాలో, ఊరి అంచువఱకు వరియు, అరటియు, పసుపును పండుచోట, ఇంత నేల పార్కులకై దొరకుట కల్ల. అందుచేత ఈ పట్టణములలో పార్కుగా పేరులేని స్థలములే పార్కుపనిని చేయుచున్నవి: పాఠశాలల మైదానములు, కాలువగట్లు, దేవాలయ ప్రాంగణములు, రైల్వే స్థలములు. చిక్కంతయు అచటనే, ఇవి పురపాలక సంఘమువి కావు.

తెనాలి గుండ మూడు కాలువలు పాఱుచున్నవి. ఎండవేళ దాటినపిదప ఆ గట్టున నడచుట ఊరివారికి సహజసుఖము. కాని కాలువయు, గట్టును జలవనరుల శాఖవి. పురపాలక సంఘము గట్టుపై బల్ల వేయవలెనన్నను, చెట్టు నాటవలెనన్నను ఆ శాఖ అంగీకారము కావలయును. గట్టుమీది ఆక్రమణను తొలగించుటలో రెండు శాఖలును ఒకదాని మొగము ఒకటి చూచును. చినరావూరు పార్కువంటి సొంత పార్కులున్నను, పట్టణపు విస్తారమునకు అవి చాలవు.

బాపట్లవారికి వినోదస్థల మేది యనినచో చంటిపిల్లవాడును సూర్యలంక యనును. పట్టణమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరముననున్న ఆ సముద్రతీరము పురపాలక పరిధికి వెలుపలిది. దానిపై పంచాయతి, పర్యాటక శాఖ, రెవిన్యూ, పోలీసు, అటవీ శాఖలకు తలకొక పాలు. సమీపమున వాయుసేన స్థావరము. ఒడ్డున కట్టడములకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు. కార్తిక పౌర్ణమినాడు సముద్రస్నానమునకు వేలాది జనము చేరుదురు. ఆనాడు గజఈతగాండ్రు, హద్దుత్రాళ్లు, తాత్కాలిక మరుగుదొడ్లు, బస్సులు అన్నియు జిల్లా యంత్రాంగము ఏర్పాటుచేయును. మునుకలు జరుగుట మాత్రము సాధారణముగా పండుగనాడు కాదు, కాపలా పలుచనైన ఆదివారములలో. కావున ఇచట పర్యవేక్షణమును పర్వదినములకు కాక సెలవుదినములకు అమర్చుట ముఖ్యము. పట్టణములో 1945లో నెలకొన్న వ్యవసాయ కళాశాల విశాలమైన ఆవరణయు బాపట్లకు ఊపిరితిత్తుల వంటిదే. దానికిని పురపాలక సంఘమునకును సంబంధము లేదు.

రేపల్లెకు నది యున్నది. కృష్ణ సముద్రమును చేరుటకు కొంత ముందు పెనుమూడి రేవు వచ్చును. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములు జరిగినపుడు స్నానఘట్టములకు మునుపెన్నడు లేని జనము వచ్చినది. పుష్కరము పండ్రెండేండ్లకొకసారి వచ్చును; ఘట్టపు మెట్లపై నాచు ఏడాదికే పట్టును. ఉత్సవమునకు నిధి వచ్చి, నిత్యపోషణకు నిధి రాకపోవుట ఈ ఒక్క ఊరి దుఃస్థితి కాదు గాని, చిన్న పట్టణమునకు ఆ లోటు త్వరగా కనబడును.

నిధుల సమస్య

ఈ వ్యాసకర్త అభిప్రాయమున పురపాలక ఉద్యానముల దైన్యమునకు మూలమిచటనే కలదు. గ్రంథాలయమునకును పార్కునకును పోల్చి చూడుడు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము, 1960 ప్రకారము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగును. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలెను. పురపాలక సంఘములు ఆ సొమ్మును వసూలుచేసికొని సకాలమున చెల్లింపవను ఫిర్యాదు చిరకాలముగా నున్నదే. అయినను అది బాకీగా లెక్కలలో నిలుచును, అడుగువారికి హక్కుండును. పార్కునకట్టి పన్ను లేదు. ఏటేట బడ్జెటులో ఒక పద్దుక్రింద కొంత వ్రాయుదురు; జీతములు, విద్యుత్తు, నీటిసరఫరా, పారిశుధ్యము పోగా మిగిలినపుడు ఖర్చగును; మిగులనపుడు ఆ పద్దే మొదట కోతపడును. ఎవరికిని బాకీ లేదు కనుక ఎవరును అడుగరు.

పథకములు వచ్చినపుడు సొమ్ము వఱదవలె వచ్చును. 2015 జూన్ 25న కేంద్రము ప్రారంభించిన అమృత్ పథకము దేశమున 500 పట్టణములకు వర్తించినది. లక్షకు పైబడిన జనముగల తెనాలి అందులో చేరినది. బాపట్ల, రేపల్లెలు చేరలేదు. ఆ పథకములో పార్కులకును పచ్చదనమునకును కేటాయింపు నూటికి 2.5 వంతులు మాత్రమే, అందులో పిల్లలకు అనువైన సదుపాయములకు ప్రాధాన్యము. 2021 అక్టోబరులో మొదలైన రెండవ దశ పట్టణములన్నిటికిని విస్తరించినది. ఇట్టి నిధులతో ప్రహరి, నడకదారి, ఓపెన్ జిమ్ము, రంగుల జారుడుబండ అమరును, శిలాఫలకమును అమరును. తోటమాలి జీతము పథకములో నుండదు.

నిత్యనిర్వహణ

డెల్టా అంచు పట్టణములలో తోటపని వినుటకు తేలిక. వేసవిలో కాలువలు కట్టివేయగా నీటికి కొఱత. భూగర్భజలము బాపట్ల, రేపల్లె ప్రాంతములలో తఱచుగా ఉప్పన. ఉప్పునీటికి పచ్చిక ఎఱ్ఱబాఱును. వేప, కానుగ, గన్నేరు, బాదము తట్టుకొనును. త్వరగా పెరుగునను ఆశతో పలుచోట్ల కోనోకార్పస్ నాటిరి. తుపానులు మఱొక బెడద. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ తీరపు జ్ఞాపకమున చెరగనిది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువనే తీరము దాటి చెట్లను నేలకూల్చినది. కూలిన చెట్టును తీయుటకు అత్యవసర నిధి యుండును, దాని చోట మఱొకటి నాటి మూడేండ్లు నీరు పోయుటకు ఉండదు.

గేటు వేళలు సామాన్యముగా ఉదయము కొన్ని గంటలు, సాయంకాలము కొన్ని గంటలు. మధ్యాహ్నము తాళము వేయుటకు కాపలాదారు చెప్పు కారణము ప్రేమజంటలు, పేకాటరాయుళ్లు. మిట్టమధ్యాహ్నము నీడ కావలసినవారు నిజమునకు తోపుడుబండ్లవారు, ఆసుపత్రి పనికి వచ్చిన పల్లెవారు. వారి మొఱ నాలకించువారు లేరు. ఉదయమున పార్కు వాకర్సు క్లబ్బులవారిది. విశాఖపట్నము కేంద్రముగా పెరిగిన ఈ క్లబ్బుల ఉద్యమము ఆంధ్ర పట్టణములన్నిట వ్యాపించి, పార్కులకు గట్టి నోరున్న పక్షమును సమకూర్చినది. దీపము వెలుగకపోయినచో మఱునాడే కమీషనరుకు వినతిపత్రము పోవును. మంచిదే, అయితే ఆ వినతిలో ఉయ్యాల గొలుసు మాట అరుదుగా నుండును, ఏలయన ఉయ్యాల ఊగువారికి క్లబ్బు లేదు.

విగ్రహముల సంగతియు ఒకమాట చెప్పవలెను. రోడ్లపైనను, బహిరంగ ప్రదేశములలోను రాకపోకలకు అడ్డగునట్లు విగ్రహములు పెట్టరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆజ్ఞాపించిన తరువాత, కూడలిలో చోటు దొరకని నాయకులు పార్కువైపు చూడసాగిరి. విగ్రహశిల్పులకు పేరొందిన తెనాలిలో ఈ ఒత్తిడి తెలియనిది కాదు. ఇనుప తుక్కుతో ఆ ఊరి శిల్పులు మలచు ఆకృతులు పిల్లల తోటలకు మిక్కిలి శోభనిచ్చును. నాయకుల వరుసకంటె అవి పార్కునకు తగినవని వ్యాసకర్త మతము.

ఆటల విషయమున పురపాలక సంఘము పాత్ర పరిమితము. క్రీడా ప్రాధికార సంస్థ శిక్షకులను పంపును, పాఠశాలలు మైదానములనిచ్చును, వేసవి శిబిరములకు దాతలు బంతులు కొనియిత్తురు. 2023 డిసెంబరు 26న ఆరంభమై మఱుసటి ఫిబ్రవరివఱకు సాగిన ఆడుదాం ఆంధ్రా పోటీలు సచివాలయము స్థాయినుండి క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీ, ఖోఖో, బాడ్మింటను ఆడించినవి. పోటీలు ముగిసినవి, సచివాలయమునకొక ఆటస్థలము మాత్రము ఏర్పడలేదు.

పౌరుడు చేయగలిగిన పనులు రెండు కలవు. మాస్టరు ప్లానులో పార్కుగా చూపిన భూమిని మఱొక వినియోగమునకు మార్చునపుడు ప్రభుత్వము ముందుగా ప్రకటనచేసి ఆక్షేపణలు కోరును. గడువులోపల వ్రాతమూలకముగా పంపిన ఆక్షేపణమును పరిశీలింపవలెను. రెండవది, తాము నివసించు లేఅవుటుయొక్క ఆమోదిత పటమును, బహిరంగ స్థలపు దానపత్రమును 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పురపాలక కార్యాలయమున అడిగి తీసికొనవచ్చును. 30 దినములలోపల సమాధానమీయవలెను. ప్లాటు కొన్ననాడు దస్తావేజును భద్రపరచుకొన్న పాఠకులు ఈ రెండు కాగితములను కూడ దానితోబాటు ఉంచుకొందురు గాక.